సమవేగపు మీట: దాని మేలు, దాని మేర

కారు కొనదలచిన యింట నేడు జరుగు చర్చలలో క్రొత్తది యొకటి కలదు. రంగును గూర్చియు, ధరను గూర్చియు, మైలేజీని గూర్చియు మాటలు ముగిసిన పిమ్మట, "ఇందులో క్రూయిజ్ కంట్రోల్ ఉన్నదా?" యను ప్రశ్న పుట్టును. ఉన్న రకమునకు ధర హెచ్చు, లేనిదానికి తక్కువ. ఇంటి యజమానుడు ఉండవలె ననును. కుమారుడు ఉండితీరవలె ననును. ఇల్లాలు మాత్రము అది యేమో, దానివలన గలుగు లాభ మేమో తెలియక, తెలియదని చెప్పుటకు మొగమాటపడి యూరకుండును. ఆ సొమ్ము ఇంటిసొమ్మే. ఆ బండిలో గూర్చుండువారు మన పిల్లలే. కావున నీ నెల ఈ మీటను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. కారు నడపు సోదరీమణులకును, ప్రక్క సీటున గూర్చుండు సోదరీమణులకును నిది సమముగా నక్కరకు వచ్చునని మా నమ్మకము.

మొదట దీని పని యేదియో తెలిసికొందము. కారు వేగము కుడిపాదము క్రిందనుండు యాక్సిలరేటరు పెడలుపై నాధారపడి యుండును. నొక్కిన కొలది వేగము హెచ్చును; వదలిన తగ్గును. ఈ సాధనమున్న బండిలో స్టీరింగు చక్రముమీద గాని, దాని చెంతనున్న కాడమీద గాని కొన్ని చిన్న మీట లుండును. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగమున బోవునపుడు "సెట్" అను మీటను నొక్కినచో ఆ యంకెను బండి జ్ఞాపకముంచుకొనును. తరువాత పాదమును దీసివేసినను బండి 80 లోనే సాగును. ఎత్తు వచ్చి వేగము దిగనారంభించిన యంత్రమే ఇంజనునకు మరికొంత బలము నందించును. వేగము మించనారంభించిన ఆ బలమును దగ్గించును. బ్రేకును నొక్కినంతనే తన పనిని విడిచి బండిని మన కప్పగించును. చేతిగేర్ల బండిలో క్లచ్చి నొక్కినను సాధారణముగ నట్లే విడుచును. "రెజ్యూమ్" అను మీటను నొక్కిన మరల పాత యంకెకు జేరును.

ఇది మన కెరుగని విద్య కాదు. ఇంటనున్న కరెంటు ఇస్త్రీపెట్టెను జూడుడు. నూలుబట్టకో పట్టుబట్టకో తగినట్లు దాని చక్రమును త్రిప్పి పెట్టుదుము. వేడి చాలినపుడు దీపమారును, తగ్గినపుడు వెలుగును. మనము మాటిమాటికి తాకి చూడ నక్కరలేదు. కారులోని యంత్రము వేడికి మారుగా వేగమును గాచును. 1788లో జేమ్సు వాటు తన యావిరియంత్రమునకు దిరుగు గుండ్లను అమర్చి, వేగము మించినపుడు ఆవిరి తనంతట తగ్గునట్లు చేసెను. ఈ మీటకు మూలమైన యూహ అంత పాతది.

దీనిని కారునకు గూర్చిన వాని చరిత్రము మనము ప్రత్యేకముగ దెలిసికొన దగినది. ఆయన పేరు రాల్ఫ్ టీటర్. అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమునందు 1890లో జన్మించెను. ఐదేండ్ల ప్రాయమున కత్తి తగిలిన ప్రమాదమున జూపు పోయెను. అయినను ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1912లో పట్టభద్రుడయ్యెను. 1936లో ఆ దేశపు మోటారు ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. కారు నడప జాలని యాయన ఎల్లప్పుడు నొరులు నడపు కారులో గూర్చుండువాడే. ఆయన న్యాయవాది యొకడు కారు నడపుచు, తాను మాటలాడునపుడు వేగము తగ్గించియు, వినునపుడు హెచ్చించియు పోవుచుండగా, ఆ కుదుపులకు విసిగి, వేగము సమముగ నుండు నుపాయమును టీటర్ ఆలోచించెనని చెప్పుదురు. ఆ యుపాయమునకు 1950లో పేటెంటు లభించెను. 1958వ సంవత్సరపు క్రిస్లరు కార్లలో నది మొదట అమ్మకమునకు వచ్చెను. 1973లో చమురు కఱవు వచ్చి, మరుసటి యేట అమెరికా యంతట గంటకు 55 మైళ్ల, అనగా 88 కిలోమీటర్ల, వేగపరిమితి ఏర్పడిన పిమ్మట దీని వాడుక మిక్కిలి పెరిగెను.

కాబట్టి ఈ సాధనము పుట్టినది నడపువాని సుఖమునకు గాదు; కూర్చున్నవాని సుఖమునకు. ఈ యంశము మాకు మిగుల నచ్చినది. నలుడు బాహుకు డను మారుపేరుతో ఋతుపర్ణునకు సారథియై విదర్భకు రథము దోలివచ్చినపుడు, దమయంతి యంతఃపురమున నుండియే యా రథఘోషమును విని, ఈ తోలుట నలునిది గాక యొరులది గాదని తలపోసినట్లు భారతకథ. బండి తోలుట లోని గుణమును తోలువాని కంటె లోపల గూర్చున్నవారు చక్కగ నెరుగుదురు. వెనుక సీటున నిండుచూలాలు, కడుపులో త్రిప్పుచున్నదని కన్నులు మూసికొను పిల్లవాడు, నడుమునొప్పి గల యత్తగారు, వీరు చెప్పవలె నా నడపుట యెట్టిదో. ఈ మీటకు వెల కట్టుటకు వీరే సరియైన న్యాయాధిపతులు.

ఇక విచారణకు వత్తము. దినదినము చేయు ప్రయాణములకు ఇది యుపయోగపడునా? పిల్లలను బడిలో దింపుట, రైతుబజారుకు బోవుట, ఆఫీసుకు వెళ్లుట, పెండ్లికి బోయి వచ్చుట, వీనిలో నీ మీటకు బని లేదు. మన పట్టణపు వీథులలో ఒక నిమిషము సమవేగమున బోవుటయే దుర్లభము. ఆటో అడ్డు దిరుగును. మోటారుసైకిలు ఎడమనుండి దూసికొనివచ్చును. ఆవు నడివీథిని నిలుచును. కూడలికొక యెఱ్ఱదీప ముండును. పెక్కు బండ్లలో గంటకు ముప్పది, నలువది కిలోమీటర్లకు లోబడిన వేగమున నీ సాధనము పనిచేయదు కూడ. మాటిమాటికి బ్రేకు నొక్కవలసిన చోట సమవేగ మనుటయే యర్థములేని మాట. పట్టణమున మాత్రమే తిరుగు కుటుంబము దీనికై యధికధర నిచ్చుట, ఊరు దాటనివారు హోల్డాలు కొనుటవంటిది.

కొన్ని కార్లలో దీనితోపాటు "స్పీడ్ లిమిటర్" అను వేరొక మీట యుండును. అది వేగమును నిలుపదు. మనము నిర్ణయించిన యంకెను మించనీయదు. పాదము పెడలుపైననే యుండును. నొక్కినను బండి 50 దాటి పోదు. గట్టిగ నొక్కినచో నవసర సమయమున దాటుటకు వీలు కలిగియుండును. బడులు, ఆసుపత్రులు గల వీథులలో తెలియకుండ వేగము పెరుగువారికి ఇది మేలు చేయును. కొనునపుడు దీనిని గూర్చియు నడుగుట మంచిది.

పెద్దరహదారులమాట వేరు. హైదరాబాదు చుట్టునున్న ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవు గలది. దానిమీద ద్విచక్రవాహనములకు బ్రవేశము లేదు, ఎదురుబండ్లు రావు, కూడళ్లు లేవు. 2023లో దాని మొదటి రెండు వరుసలలో గరిష్ఠవేగమును 120 కిలోమీటర్లకు బెంచిరి. తక్కిన రెండు వరుసలలో నది 80. ఇట్టి బాటపై రద్దీ లేని వేళ ఈ మీట తన పనిని చక్కగ జేయును. హైదరాబాదునుండి విజయవాడకు బోవు 65వ నెంబరు జాతీయ రహదారి కొంత భిన్నమైనది. చౌటుప్పల, సూర్యాపేట, కోదాడ, నందిగామ యను నూళ్ల నడుమ బాట నాలుగు వరుసలుగ నున్నను, పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు టోల్‌గేట్లవద్ద నాగవలెను. ఊళ్ల చెంత జనులు బాట దాటుదురు. ఎదురుదిశను వచ్చు మోటారుసైకిళ్లు లేకపోలేదు. ఇచ్చట నీ మీటను కొంతదూరము వాడి, ఊరు కనబడగానే విడిచి, ఊరు దాటిన పిదప మరల బెట్టుట తగిన పద్ధతి. సంక్రాంతికి ఊళ్లకు బోవు జనసమ్మర్దమునందైతే దానిని మరచిపోవుటయే మేలు.

రహదారిమీద దీనివలన గలుగు మేళ్లు మూడు. మొదటిది దేహమునకు విశ్రాంతి. కుడిపాదమును ఒకే కోణమున మూడునాలుగు గంటలు నిలిపియుంచుట పిక్కకును, మోకాలికిని, నడుమునకును శ్రమ. పెడలు అందుటకు సీటును ముందుకు జరుపుకొని కూర్చుండవలసిన పొట్టివారికి ఈ శ్రమ మరింత యెక్కువ. మన స్త్రీలలో నట్టివారు పెక్కుమంది.

రెండవది ఇంధనము. వేగమును పెంచుచు తగ్గించుచు పోవుటకంటె సమముగ బోవుట చౌక. కాని యిందు వేగపు యంకెయే ముఖ్యము. బండిని వెనుకకు నెట్టు గాలిబలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 80 నుండి 100 కి బోయిన నాబలము ఒకటిన్నర రెట్లకు మించును. కావున 110 లో బెట్టిన మీట పెట్రోలును మిగుల్చునని యాశపడరాదు. ఎత్తుపల్లములు గల బాటలో, ఎత్తు నెక్కునపుడు కొంచెము వేగమును వదలుకొను నేర్పరి పాదము కంటె యంత్రమే యెక్కువ యింధనమును ద్రాగవచ్చును.

మూడవది తెలియకుండ వేగము పెరుగుట తప్పుట. మంచిబాటపై 100 కూడ 60 వలె దోచును. 2018లో గేంద్రప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలపై 120, మధ్య విభజనగల నాలుగు వరుసల రహదారులపై 100, పురపాలక సంఘముల హద్దులలో 70 కిలోమీటర్లు గరిష్ఠ పరిమితులు. చోటును బట్టి యింతకు దక్కువ యంకెను బోర్డులపై జూపుదురు. సరియైన యంకెను బెట్టుకొన్నచో జరిమానా చీటీల బెడద తప్పును. చీటీ కంటె బెద్ద బెడదయు దప్పును. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 71 మంది మరణములకు మితిమీరిన వేగమే కారణముగ వ్రాయబడినది.

మేళ్లు చెప్పితిమి, కీడులు దాచరాదు. ఈ యంత్రము పాదము యొక్క పనిని మాత్రమే చేయును. కంటి పని చేయదు, బుద్ధి పని చేయదు. ముందు లారీ నిలిచియున్నను దానికి దెలియదు. ఇచ్చిన యంకెను గాచుకొనుచు దానిపైకే పోవును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగును. పాదమును ముడుచుకొని కూర్చున్నవాడు బ్రేకును వెదకికొనుటకు అరసెకను జాగు చేసినను 14 మీటర్లు పోయినట్లే. మా వంటింటి పొడవు దానిలో మూడవవంతైనను లేదు! కావున మీట పెట్టిన పిదపను కుడిపాదము బ్రేకు చెంతనే యుండవలెను. సీటుమీద కాలు మడుచుకొనుట ఎన్నడును కూడదు.

వానలో దీనిని వాడరాదు. నిలిచిన నీటిపై టైరు తేలి పట్టుదప్పినపుడు, నేర్పరి పాదమును మెల్లగ నెత్తును. యంత్రము మాత్రము ఇంకను బలము నందించుచు నుండవచ్చును. ఘాటు రోడ్లపై వాడరాదు. శ్రీశైలము, అరకు, తిరుమల దారులలో మలుపు మలుపునకు వేగము మారవలెను. పైగా దిగునపుడు సాధారణపు క్రూయిజ్ కంట్రోలు పెక్కు బండ్లలో బ్రేకు వేయదు గనుక, వాలులో వేగము నిర్ణయమును మించిపోవును. అచ్చట తక్కువ గేరే కాపుదల. నిద్రమబ్బు గలవేళ అసలే వాడరాదు. పాదమునకు బని లేనపుడు మనస్సునకును బని లేనట్లు తోచి, తెల్లవారుజామున తిన్నని బాటపై కన్ను మూతపడును. రెండు గంటల కొకమారు బండి నాపి, మొగము కడుగుకొని, నాలుగడుగులు నడచుట మంచిది.

"రెజ్యూమ్" మీటను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింతుము. టోల్‌గేటు దాటి, జ్ఞాపకములో 100 ఉన్నదని మరచి, ముందు బండి దగ్గరగ నుండగా దానిని నొక్కితిరా, బండి యొక్కసారిగ ముందు కురుకును. బాట బాగుగ ఖాళీ యైన పిదప, తగిన వేగమును పాదముతోనే యందుకొని, అప్పుడు మీట నొక్కుట క్షేమము.

నేడు ఎక్కువ ధరగల బండ్లలో "అడాప్టివ్" అను విశేషణముతో వేరొక రకము వచ్చుచున్నది. దానికి రాడారో, కెమెరాయో, రెండునో కన్నులుగ నుండును. ముందుబండి నెమ్మదించిన నిదియు నెమ్మదించి యెడమును గాచును. కొన్ని పూర్తిగ నిలిచి మరల కదలును కూడ. ఇది మునుపటి దానికంటె మేలైనదే. కాని మన బాటలలో కాపాడుకొన్న యెడములో మరియొక బండి వచ్చి దూరును, అప్పుడిది చటుక్కున బ్రేకు వేయును, వెనుకవాడు తడబడును. అడ్డువచ్చు పశువును, ఎదురుగ వచ్చు సైకిలును, దీపము లేక నిలిచిన ట్రాక్టరును ఇది తప్పక గుర్తించునని నమ్మరాదు. కుండపోత వానలో దాని కన్నులు మసకబారును. దాని కన్నున్నదని మన కన్ను మూయరాదు.

ఇక సొమ్ము మాట. నెలజీతముపై సంసారము నడుపు మావంటివారికి ఇదియే ముఖ్యము. ఒకే కారులో తక్కువ రకము నుండి ఎక్కువ రకమునకు బోవునపుడు క్రూయిజ్ కంట్రోలు ఒంటరిగ రాదు. పెద్ద తెర, రంగుదీపములు, తోలుసీట్లు కూడ వచ్చును. అన్నిటికిని గలిపి ధర కట్టుదురు. కావున మొదట అడుగవలసినవి వేరు: గాలిసంచు లెన్ని? జారుటను వారించు స్టెబిలిటీ కంట్రోలు ఉన్నదా? వెనుక నడిమి సీటునకు కూడ భుజముమీదుగ వచ్చు బెల్టు ఉన్నదా? 2023 అక్టోబరునుండి అమలులోనున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ బండి కైదింట నెన్ని నక్షత్రములు వచ్చినవి? వీనికి దృప్తికరమైన జవాబులు వచ్చిన పిమ్మటనే ఈ మీటను గూర్చి యాలోచింపవలెను. నెలకు రెండుమూడుసార్లు రెండువందల కిలోమీటర్లకు మించి పెద్దబాటను బోవు కుటుంబమునకు ఇది కొనదగినదే. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోవువారికి ఉన్న మంచిది, లేకున్న లోటు లేదు. లేనిబండికి వీథిదుకాణమున తీగలు కత్తిరించి అమర్పించుకొనుట మాత్రము వలదు. వారంటీయు బోవచ్చును, ప్రాణమునకును ముప్పు రావచ్చును.

చివరగ నొకమాట. ప్రయాణములో ప్రక్కసీటున గూర్చున్న యిల్లాలు "ఏమండీ, కొంచెము మెల్లగా పోనిండు" అనుటయు, ఆయన "నాకు నడుపుట నేర్పవచ్చితివా?" యని విసుగుకొనుటయు పెక్కు కుటుంబములలో జరుగుచున్నదే. రెండవమారు ఆమె నోరు మెదపదు. చీరకొంగు బిగబట్టి దేవుని దలచుకొనుచు గూర్చుండును. ఈ మౌనము వినయము గాదు. పిల్లలు వెనుక నున్నపు డది యపాయము. బండి గదలకమునుపే, ఇంటివాకిటనే, "ఈ బాటకు తొంబది చాలును" అని యిరువురును గలిసి యొక యంకెను నిర్ణయించుకొనుడు. లెక్క చాల చిన్నది: నూరు కిలోమీటర్ల దూరమును నూరు వేగమున బోయిన గంట పట్టును, తొంబదిలో బోయిన మరి యేడు నిమిషములకు లోపే. ఆ యేడు నిమిషములకై యెవరును తగవులాడ నక్కరలేదు. యంకె కుదిరినచో మీట దానిని గాచును. బాటలో మరల నడుగవలసిన పని యుండదు.

యంత్రమునకు మంచి యంకె యేదో చెడ్డ యంకె యేదో తెలియదు. నూటయిరువది పెట్టినను అంత విశ్వాసముతోనే కాచును. కాబట్టి మీట యుండుట కంటె, దానిలో బెట్టు యంకెను నిర్ణయించుటలో నింటివా రందరి మాటయు నుండుట ముఖ్యము. కారు నడపు సోదరీమణులు ఆ యంకెను తామే నిర్ణయించుకొందురు గాక. నడపనివారును అడుగుటకు సంకోచింపకుందురు గాక.